ల్యాప్‌టాప్ లేస్తుంది, మానిటర్ లేవదు: కేబుల్, అడాప్టర్, డాక్‌లలో ఏది కొనాలి?

మానిటర్ కేబుళ్లు, అడాప్టర్లు, డాక్‌ల (ల్యాప్‌టాప్‌కు మానిటర్, కీబోర్డు, ఛార్జింగ్ అన్నీ ఒకే తీగతో కలిపే పరికరాల) పెట్టెల మీద రిజల్యూషన్ రాస్తారు, హెర్ట్జ్ రాస్తారు, వాట్లు రాస్తారు. స్లీప్‌లోకి వెళ్లిన ల్యాప్‌టాప్ లేచినప్పుడు బయటి మానిటర్ కూడా దానంతటదే వెలుగుతుందా అన్నది మాత్రం ఏ పెట్టె మీదా ఉండదు. రోజంతా రెండు తెరల మీద పనిచేసేవాళ్లకు అన్నిటికన్నా ముఖ్యమైనది అదే. 60 హెర్ట్జ్ బదులు 30 వస్తే కొన్నాళ్లు సర్దుకోవచ్చు. పొద్దున్నే బల్ల వెనక చెయ్యి పెట్టి కేబుల్ పీకి గుచ్చాల్సి రావడం మాత్రం ఎవరూ సర్దుకోకూడదు. అందుకే రంగులూ వేగమూ పక్కన పెట్టి, నిద్ర నుంచి సరిగ్గా లేపుతుందా లేదా అన్న ఒక్క లెక్కతోనే ఇక్కడ ప్రతి వస్తువునూ చూస్తున్నాం.

తీర్పు ముందే చెప్పేస్తాం. ల్యాప్‌టాప్‌కు వీడియో ఇచ్చే యూఎస్‌బీ-సీ పోర్టు, మానిటర్‌కు డిస్‌ప్లేపోర్ట్ ఉంటే, ఆ రెంటినీ నేరుగా కలిపే యూఎస్‌బీ-సీ టు డిస్‌ప్లేపోర్ట్ కేబుల్ కొనండి. రెండో స్థానం యూఎస్‌బీ-సీ ఉన్న మానిటర్‌ది, మూడోది నేరుగా హెచ్‌డీఎంఐది. సొంత పవర్ అడాప్టర్ ఉన్న డాక్ నిజంగా అవసరమైనవాళ్లకే. ల్యాప్‌టాప్ నుంచే కరెంటు తీసుకునే చిన్న హబ్‌లు, బొమ్మను సాఫ్ట్‌వేర్‌తో యూఎస్‌బీ డేటాగా మార్చి పంపే డిస్‌ప్లేలింక్ డాక్‌లు చివరన. ఈ వరుసకు కారణం ఒక్కటే: మధ్యలో ఎన్ని చిప్‌లు ఉంటే అన్నీ పడుకుంటాయి, అన్నీ సరైన వరుసలో లేవాలి. ఒక్కటి ఆలస్యమైనా తెర నల్లగానే ఉండిపోతుంది.

కొనేముందు, లేవనిది ఏదో తేల్చండి

తెర నల్లగా ఉండటం ఒకే జబ్బు కాదు. ముందుగా ల్యాప్‌టాప్ సొంత కీబోర్డు మీద క్యాప్స్ లాక్ నొక్కండి. డాక్‌కు గుచ్చిన కీబోర్డు మీద నొక్కితే లాభం లేదు, డాక్ పడుకుని ఉంటే ఆ కీబోర్డూ పలకదు. క్యాప్స్ లాక్ దీపం వెలిగి ఆరుతుంటే లోపల సిస్టమ్ బతికే ఉంది, బొమ్మ మాత్రమే బయటికి రావడం లేదు. దీపం కదలకపోతే ల్యాప్‌టాపే లేవలేదు. అప్పుడు ఏ కేబుల్ కొన్నా డబ్బు దండగ. ఆ సంగతి చివర్లో ఉంది.

దీపం వెలిగితే, విండోస్‌లో విండోస్ కీ, కంట్రోల్, షిఫ్ట్, బి నాలుగూ కలిపి ఒకసారి నొక్కండి. బీప్ వినిపించి, తెర క్షణంపాటు మిణుకుమని, గ్రాఫిక్స్ డ్రైవర్ మళ్లీ మొదలవుతుంది. దీంతో మానిటర్ వెలిగిందంటే మొదటి అనుమానం డ్రైవర్ మీదే. కేబుల్ జోలికి పోకుండా ముందు దాన్ని సరిచేసుకోండి. ఫలితం లేకపోతే మూత తెరిచి, విండోస్ కీ, పి నొక్కి, ఎక్స్‌టెండ్ ఎంచుకోండి. లేచేటప్పుడు సిస్టమ్ ఒక్కోసారి ల్యాప్‌టాప్ తెర ఒక్కటే అన్న మోడ్‌లో ఆగిపోతుంది.

అయినా రాకపోతే పీకి పెట్టే పరీక్ష. అన్నీ ఒకేసారి పీకేస్తే ఏమీ తెలియదు. ఈసారి లేవనప్పుడు ల్యాప్‌టాప్ వైపు కొస మాత్రమే పీకి పెట్టండి. ఇంకోసారి మానిటర్ వైపు మాత్రమే. మరోసారి కేబుల్ ముట్టుకోకుండా మానిటర్ పవర్ తీగ పీకి, పది సెకన్లు ఆగి పెట్టండి. మధ్యలో అడాప్టరో డాకో ఉన్నప్పుడు ఇది చాలా చెబుతుంది. ల్యాప్‌టాప్ వైపు పీకితేనే వస్తోందంటే ఆ పోర్టుకూ డాక్‌కూ మధ్య ఒప్పందం చెడుతోంది. మానిటర్ వైపు పీకితే చాలంటే, తాను అక్కడున్న సంగతి మానిటర్ మళ్లీ చెప్పుకోవాల్సి వస్తోంది. పవర్ తీసి పెడితే తప్ప రావడం లేదంటే మానిటర్ లోపలి ఫర్మ్‌వేరే (పరికరంలోనే నడిచే సాఫ్ట్‌వేర్) బిగుసుకుపోయింది. దానికి మందు మానిటర్ మెనూలో ఉంటుంది, దుకాణంలో కాదు.

లేచే క్షణంలో ఏం జరుగుతుంది

ఇది కాస్త తెలిస్తే ఏ వస్తువు ఎందుకు మొరాయిస్తుందో మీకే అర్థమవుతుంది. హెచ్‌డీఎంఐలో 18వ పిన్ మీద ల్యాప్‌టాప్ 5 వోల్టులు పంపుతుంది. ఉన్నాను అని చెప్పడానికి మానిటర్ 19వ పిన్ మీద వోల్టేజీని పైకి లేపుతుంది. దీన్నే హాట్ ప్లగ్ డిటెక్ట్ అంటారు. అప్పుడు ల్యాప్‌టాప్ 15, 16 పిన్‌ల మీద మానిటర్ వివరాల పట్టీ అయిన ఈడీఐడీని చదువుతుంది. మొదటి భాగం 128 బైట్లే, కానీ అది చదవలేకపోతే సరైన రిజల్యూషన్ తెలిసే దారి లేదు. డిస్‌ప్లేపోర్ట్‌లో హాట్ ప్లగ్ 18వ పిన్. వివరాలు ఆక్స్ అనే పక్క దారిలో వస్తాయి. ఆపైన లింక్ ట్రెయినింగ్ జరుగుతుంది, అంటే ఎన్ని లేన్లు (డేటా వెళ్లే తీగల జతలు), ఏ వేగం అని రెండు వైపులా పరీక్షించి ఒప్పుకుంటాయి. హాట్ ప్లగ్ సంకేతం 2 మిల్లీసెకన్లకు మించి పడిపోతే డిస్‌ప్లేపోర్ట్ లెక్కలో మానిటర్ పీకేసినట్టే. తెర వెలిగాక ప్రోగ్రామ్‌ల కిటికీలన్నీ ల్యాప్‌టాప్ మీదికి కుప్పగా వచ్చి పడటం అందుకే.

యూఎస్‌బీ-సీలో హాట్ ప్లగ్‌కు విడిగా తీగ లేదు. ఆ కబురు సీసీ అనే తీగ మీద, ఛార్జింగ్ వాట్లు మాట్లాడుకునే దారిలోనే, సందేశంగా వెళుతుంది. కాబట్టి యూఎస్‌బీ-సీలో మానిటర్ లేవకపోవడానికి మూలం చాలాసార్లు పవర్ బేరంలో ఉంటుంది.

ఇక అసలు గొడవ సమయంతో. కొత్త ల్యాప్‌టాప్‌లు క్షణంలో లేచి మానిటర్ కోసం చూస్తాయి. లోతు నిద్రలో ఉన్న మానిటర్‌కు కళ్లు తెరవడానికి అంతకన్నా ఎక్కువసేపు పడుతుంది. తలుపు తట్టి, జవాబు రాలేదని వెనుదిరిగిన మనిషిలా ల్యాప్‌టాప్ అక్కడ ఎవరూ లేరని తేల్చేసుకుంటుంది. ఆ తర్వాత మానిటర్ లేచి, సిగ్నల్ లేదని చూపించి మళ్లీ పడుకుంటుంది.

యూఎస్‌బీ-సీ టు డిస్‌ప్లేపోర్ట్ కేబుల్: మొదటి ఎంపిక

దీని బలమంతా ఇందులో సిగ్నల్ మార్పిడి లేకపోవడమే. యూఎస్‌బీ-సీ తీగల మీద వీడియో పంపే ఆల్టర్నేట్ మోడ్‌లో ల్యాప్‌టాప్ పంపేది డిస్‌ప్లేపోర్ట్ సిగ్నలే. కేబుల్ దాన్ని అలాగే మోసుకెళుతుంది. ఆల్ట్ మోడ్ ఒప్పందం కోసం యూఎస్‌బీ-సీ కొసలో చిన్న చిప్ ఉంటుంది తప్ప, ఈడీఐడీని పట్టి ఉంచి తిరగరాసేది మధ్యలో ఏదీ లేదు. లేచేటప్పుడు ల్యాప్‌టాప్, మానిటర్ ముఖాముఖి మాట్లాడుకుంటాయి.

కొనేముందు ల్యాప్‌టాప్ పోర్టు పక్కన చూడండి. డి ఆకారంలో పి ఇమిడిన డిస్‌ప్లేపోర్ట్ గుర్తో, థండర్‌బోల్ట్ మెరుపు గుర్తో ఉంటే వీడియో వస్తుంది. ఏ గుర్తూ లేకపోతే తయారీదారు వివరాల పేజీలో మోడల్ పేరుతో వెతకండి. ఒకే ల్యాప్‌టాప్‌లో ఒక యూఎస్‌బీ-సీకి వీడియో ఉండి, రెండోదానికి లేకపోవడం మామూలే. ఈ కేబుళ్లలో చాలావాటికి దిశ ఉంటుంది: యూఎస్‌బీ-సీ నుంచి డిస్‌ప్లేపోర్ట్‌కే వెళతాయి. రెండు వైపులా పనిచేసేవి ఆ మాట విడిగా రాసుకుంటాయి. పొడవు ఒకటి, రెండు మీటర్లలోపు తీసుకోండి. 4కె 60 హెర్ట్జ్‌కు సెకనుకు సుమారు 12.5 గిగాబిట్లు కావాలి. డిస్‌ప్లేపోర్ట్ 1.2 నాలుగు లేన్ల మీద 17.28 ఇస్తుంది కాబట్టి బోలెడంత వెసులుబాటు ఉంది. ఆ వెసులుబాటే లేచే వేళ లింక్‌ను కాపాడుతుంది.

లోపం ఒకటుంది. ఇది ఛార్జ్ చేయదు, ఒక యూఎస్‌బీ-సీ పోర్టును పూర్తిగా తినేస్తుంది. రెండే పోర్టులున్న ల్యాప్‌టాప్‌లో ఒకటి దీనికి, ఒకటి ఛార్జర్‌కు పోతాయి.

రెండు కొసలా డిస్‌ప్లేపోర్టే ఉన్న కేబుల్ కొంటున్నవాళ్లు, ముఖ్యంగా డాక్ నుంచి మానిటర్‌కు, 20వ పిన్ సంగతి చూసుకోవాలి. ఆ పిన్ మీద 3.3 వోల్టులు ఉంటాయి. అడాప్టర్లకు కరెంటు ఇవ్వడానికి పెట్టింది అది. మామూలు కేబుల్‌లో దాన్ని రెండు కొసల మధ్య కలపకూడదని ప్రమాణం చెబుతుంది. నాసిరకం కేబుళ్లు కలిపేస్తాయి. అప్పుడు మానిటర్ కరెంటు పడుకున్న యంత్రంలోకి వెనక్కి పారుతుంది. పూర్తిగా ఆరిపోవాల్సిన భాగం సగం బతికి ఉండి, లేచేటప్పుడు ఇరుక్కుంటుంది. మల్టీమీటర్ ఉంటే కేబుల్ రెండు వైపులా ఊడదీసి, 20వ పిన్‌ల మధ్య కంటిన్యుటీ చూడండి. బీప్ వస్తే దాన్ని వాడకండి. మీటర్ లేకపోతే వెసా (డిస్‌ప్లేపోర్ట్ ప్రమాణాన్ని రూపొందించే సంస్థ) ధ్రువీకరణ ఉన్న డీపీ8కె కేబుల్ తీసుకుంటే ఈ బెడద ఉండదు.

యూఎస్‌బీ-సీ మానిటర్: బాగుంటుంది, కేబుల్ సరైనదైతే

వీడియో, ఛార్జింగ్, మౌస్, కీబోర్డు అన్నీ ఒకే తీగలో. సౌకర్యానికి దీన్ని మించింది లేదు. లేవడంలో మాత్రం రెండు చోట్ల తడబడుతుంది.

మొదటిది లేన్ల పంపకం. యూఎస్‌బీ-సీలో వేగంగా నడిచే జతలు నాలుగు. మానిటర్ యూఎస్‌బీ 3 వేగం కూడా ఇవ్వాలంటే రెండు జతలు దానికి పోతాయి, వీడియోకు రెండే మిగులుతాయి. డిస్‌ప్లేపోర్ట్ 1.2లో రెండు లేన్లకు 8.64 గిగాబిట్లే కాబట్టి 4కె 30 హెర్ట్జ్ దగ్గర ఆగుతుంది. 1.4లో 12.96 వస్తుంది, 4కె 60 దానిలో అంచున పడుతుంది. అంత అంచున నడిచే లింక్ మొదట గుచ్చినప్పుడు కుదిరినా, నిద్ర తర్వాత మళ్లీ ట్రెయినింగ్ జరిగినప్పుడు కుదరకపోవచ్చు. మానిటర్ మెనూలో యూఎస్‌బీ-సీ ప్రాధాన్యం అన్న అర్థమొచ్చే ఎంపిక ఉంటుంది. అందులో హై రిజల్యూషన్ పెడితే నాలుగు లేన్లూ వీడియోకే ఇస్తుంది. మానిటర్ యూఎస్‌బీ పోర్టులు 480 మెగాబిట్లకు తగ్గుతాయి. కీబోర్డుకు, మౌస్‌కు, హెడ్‌సెట్‌కు అది చాలు. బయటి హార్డ్‌డిస్కును ల్యాప్‌టాప్‌కే గుచ్చుకోండి.

రెండోది పవర్. ల్యాప్‌టాప్ అడిగేదానికన్నా మానిటర్ తక్కువ వాట్లు ఇస్తుంటే, లేచేటప్పుడు బేరం మళ్లీ మొదలై, ఆ కుదుపులో వీడియో కూడా పడిపోయే అవకాశం ఉంది. ల్యాప్‌టాప్‌తో వచ్చిన ఛార్జర్ మీద ఎన్ని వాట్లు రాసి ఉందో చూసి, అంతకు తగ్గని మానిటర్ తీసుకోండి. మెనూలో స్టాండ్‌బైలో కూడా యూఎస్‌బీ-సీ ఛార్జింగ్ అన్న ఎంపిక ఉంటే ఆన్ చేయండి. లేకపోతే మానిటర్ పడుకున్నప్పుడల్లా ఛార్జింగ్ తెగుతుంది, బేరం మొదటికొస్తుంది.

పెట్టెలో వచ్చిన కేబుల్‌నే వాడండి. ఫోన్ ఛార్జింగ్‌కు వచ్చే యూఎస్‌బీ-సీ తీగల్లో ఎక్కువ భాగం యూఎస్‌బీ 2.0వే. వాటిలో వీడియో జతలే ఉండవు. 3 ఆంపియర్లు దాటాలంటే, అంటే 20 వోల్టుల దగ్గర 60 వాట్లు దాటాలంటే, కేబుల్‌లో తన సామర్థ్యం ఎంతో చెప్పే ఈ-మార్కర్ చిప్ తప్పనిసరి.

హెచ్‌డీఎంఐ, దాని అడాప్టర్లు

ల్యాప్‌టాప్ మీదే హెచ్‌డీఎంఐ పోర్టు ఉంటే నిశ్చింతగా వాడొచ్చు. మారాల్సింది ఎక్కువగా కేబులే. 4కె 60 హెర్ట్జ్‌కు హెచ్‌డీఎంఐ 2.0 వేగం, అంటే 18 గిగాబిట్లు మోయగల కేబుల్ కావాలి. ప్రీమియం హై స్పీడ్ అన్న స్టిక్కర్ ఉన్నది దానికి సరిపోతుంది. అల్ట్రా హై స్పీడ్ 48 గిగాబిట్ల వరకు మోస్తుంది. పాత హై స్పీడ్ కేబుల్ 10.2 గిగాబిట్ల కాలంనాటిది. దాంతో 4కె 60 వస్తున్నా అది అదృష్టం మీద నడుస్తున్నట్టే.

కేబుల్ దోషమేనా అని తేల్చడానికి ఖర్చులేని పరీక్ష ఒకటుంది. రిజల్యూషన్‌ను 1080పి, 60 హెర్ట్జ్‌కు దించి, రెండు రోజులు అలాగే పడుకోబెట్టి లేపి చూడండి. తప్పకుండా లేస్తుంటే, 4కెలో మాత్రమే లేవకపోతే, మోయలేని కేబుల్‌ను మార్చండి. 1080పిలోనూ లేవకపోతే కేబుల్‌ను తిట్టుకోనక్కర్లేదు, కారణం వేరే.

యూఎస్‌బీ-సీ టు హెచ్‌డీఎంఐ అడాప్టర్ వేరే జాతి. దీనిలో డిస్‌ప్లేపోర్ట్‌ను హెచ్‌డీఎంఐగా మార్చే చిప్ ఉంటుంది. ఆ చిప్ తాగేది ల్యాప్‌టాప్ పోర్టు కరెంటే. నిద్రలో ల్యాప్‌టాప్ ఆ కరెంటు కోసేస్తే, లేచాక చిప్ మొదట తాను లేవాలి, మానిటర్ ఈడీఐడీ చదవాలి, దాన్ని ల్యాప్‌టాప్‌కు అందించాలి. ఇదంతా ఒక మెట్టు ఎక్కువ. తప్పనిసరైతే, అడాప్టర్‌కు మళ్లీ కేబుల్ తగిలించే రకం కాకుండా, ఒక కొస యూఎస్‌బీ-సీ, ఇంకో కొస హెచ్‌డీఎంఐ ఉన్న ఒకే కేబుల్ కొనండి. ఒక అతుకు తగ్గుతుంది. హెచ్‌డీఎంఐ పోర్టును డిస్‌ప్లేపోర్ట్ మానిటర్‌కు కలిపే తిరగేసిన అడాప్టర్ల జోలికి మాత్రం వెళ్లకండి. వాటికి చాలావరకు పక్కనుంచి యూఎస్‌బీ కరెంటు కావాలి. ఆ యూఎస్‌బీ పోర్టు నిద్రలో ఆరిపోతే కథ అక్కడితో ఆగిపోతుంది. ఈ సమీక్షలో ఏ మొహమాటమూ లేకుండా వద్దని చెప్పే వస్తువు అదే.

డాక్‌లు, హబ్‌లు

చిన్న హబ్‌లో ఛార్జర్ గుచ్చుకునే రంధ్రం ఉన్నా అది డాక్‌తో సమానం కాదు. 100 వాట్లని రాసి ఉన్నా తన వాడకానికి కొంత తీసుకుని మిగతాదే ల్యాప్‌టాప్‌కు ఇస్తుంది. ల్యాప్‌టాప్ పడుకుని ఉండగా ఛార్జర్ పీకినా, పెట్టినా హబ్‌లో కరెంటు ఇచ్చేవాడు, తీసుకునేవాడు తారుమారవుతారు. ఆ మార్పులో వీడియో తెగుతుంది. ప్రయాణాల్లో ప్రొజెక్టర్‌కు పనికొస్తుంది. రోజూ బల్ల మీద శాశ్వతంగా ఉంచడానికి వద్దు.

సొంత అడాప్టర్ ఉన్న డాక్ కొంటే, వీలైనంతవరకు ల్యాప్‌టాప్ తయారు చేసిన సంస్థదే తీసుకోండి. రంగు కలుస్తుందని కాదు. డాక్ లోపలి పవర్ కంట్రోలర్, వీడియో హబ్ చిప్‌ల ఫర్మ్‌వేర్‌ను వాళ్లు తమ ల్యాప్‌టాప్‌లతో కలిపి పరీక్షిస్తారు, అప్‌డేట్ కూడా వాళ్ల సాధనం ద్వారానే వస్తుంది. డాక్ మీద ఉండే పవర్ బటన్‌తో మూత తెరవకుండా ల్యాప్‌టాప్ లేపడం కూడా ఎక్కువగా అదే సంస్థ ల్యాప్‌టాప్‌తోనే కుదురుతుంది. కొనేముందు ఆ మోడల్ సపోర్ట్ పేజీ తెరిచి, డాక్ ఫర్మ్‌వేర్ ఫైలు మీ ఆపరేటింగ్ సిస్టమ్‌కు ఉందో లేదో చూడండి. ఫర్మ్‌వేర్ పేజీయే లేని డాక్‌ను ఎంత చౌకగా వచ్చినా వదిలేయండి, దాని దోషం ఎప్పటికీ దిద్దుకోలేరు.

డాక్ ఇరుక్కుంటే ల్యాప్‌టాప్ రీస్టార్ట్ చేస్తే చాలదు, డాక్‌కు కరెంటు అందుతూనే ఉంటుంది కదా. ల్యాప్‌టాప్ కేబుల్ తీయండి, డాక్ అడాప్టర్ గోడ దగ్గర ఆపండి, అర నిమిషం ఆగండి. తిరిగి పెట్టేటప్పుడు మొదట డాక్ పవర్, తర్వాత మానిటర్లు, చివర ల్యాప్‌టాప్. ఫర్మ్‌వేర్ ఎక్కించేటప్పుడు మూత తెరిచి ఉంచి, స్లీప్ ఆపేసి, పూర్తయ్యేదాకా ఏ తీగా కదపకండి. థండర్‌బోల్ట్ లేదా యూఎస్‌బీ4 డాక్‌కు దానితో వచ్చిన కేబులే వాడాలి. 40 గిగాబిట్లకు మామూలు పాసివ్ కేబుల్ సుమారు 0.8 మీటరు వరకే. అంతకన్నా పొడవు కావాలంటే థండర్‌బోల్ట్ 4 ధ్రువీకరణ ఉన్న 2 మీటర్ల యాక్టివ్ కేబుల్ (సిగ్నల్‌ను బలపరిచే చిప్ ఉన్నది) కొనాలి.

రెండు మానిటర్లు ఒకే తీగ మీద కావాలనుకునేవాళ్లకు: ఒకే తీగ మీద రెండు వేర్వేరు బొమ్మలు పంపే ఎంఎస్‌టీ పద్ధతి విండోస్‌లో పనిచేస్తుంది. మ్యాక్‌లో ఎంఎస్‌టీ డాక్ పెడితే రెండు మానిటర్లలోనూ ఒకే బొమ్మ వస్తుంది. మామూలు ఎం1, ఎం2 చిప్‌ల మ్యాక్‌బుక్‌లు అసలు ఒక్క బయటి మానిటర్‌కే వీడియో ఇస్తాయి. అలాంటి మ్యాక్‌లో రెండో మానిటర్ లేవడం లేదని డాక్ మార్చడం వల్ల ఉపయోగం లేదు.

డిస్‌ప్లేలింక్ డాక్‌లు ఆ పరిమితిని దాటించడానికి వచ్చినవే. బొమ్మను సాఫ్ట్‌వేర్‌తో కుదించి, యూఎస్‌బీ డేటాగా పంపి, డాక్‌లో విప్పుతాయి. కాబట్టి లేచిన వెంటనే గ్రాఫిక్స్ చిప్ ఒక్కటే కాదు, యూఎస్‌బీ, డ్రైవర్, దాని వెనక ప్రోగ్రామ్ అన్నీ నిలబడాలి. లాక్ తెర ఆలస్యంగా వస్తుంది, ఒక్కోసారి పాస్‌వర్డ్ కొట్టాకే మానిటర్ వెలుగుతుంది. మ్యాక్‌లో స్క్రీన్ రికార్డింగ్ అనుమతి ఇవ్వకపోతే ఏమీ రాదు. సిస్టమ్ అప్‌డేట్ తర్వాత ఆ అనుమతి, డ్రైవర్ రెండూ సరిచూసుకోవాలి. విండోస్‌లో పవర్ ప్లాన్ సెట్టింగ్స్‌లోని యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్ ఆపేస్తే చాలావరకు కుదుటపడుతుంది. వేరే దారి లేనివాళ్లకే ఇది.

ఈడీఐడీ ఎమ్యులేటర్: మందుగా మాత్రమే

మానిటర్ కేబుల్‌కూ పోర్టుకూ మధ్యలో గుచ్చే బొటనవేలంత ముక్క ఇది. మానిటర్ ఈడీఐడీని నకలు చేసుకుని, హాట్ ప్లగ్‌ను ఎప్పుడూ పైకే పట్టి ఉంచుతుంది. మానిటర్ ఎంత ఆలస్యంగా లేచినా ల్యాప్‌టాప్ దృష్టిలో అది ఎక్కడికీ పోలేదు. కిటికీలు చెల్లాచెదరయ్యే బాధకు దీనికన్నా మంచి చికిత్స లేదు. ల్యాప్‌టాప్ లేదా డాక్ వైపు కొసన పెట్టాలి. కొనేటప్పుడు పాస్-త్రూ రకమా, మీ రిజల్యూషన్, హెర్ట్జ్ మోస్తుందా చూడండి. బొమ్మను బయటికి పంపని డమ్మీ ప్లగ్ దీనికి పనికిరాదు. మానిటర్ ఆపేసినా ల్యాప్‌టాప్‌కు తెలియదు కాబట్టి, కిటికీలు వెలగని తెర మీద ఉండిపోతాయని గుర్తుంచుకోండి. ఒకే మానిటర్, కీబోర్డు, మౌస్‌ను రెండు కంప్యూటర్ల మధ్య మార్చే కేవీఎం స్విచ్ కొనేవాళ్లు ప్రతి పోర్టుకూ ఈడీఐడీ ఎమ్యులేషన్ ఉన్నదే కొనాలి. లేనిదైతే కంప్యూటర్ మార్చిన ప్రతిసారీ పీకి పెట్టినట్టే.

డబ్బు ఖర్చు కాని మరమ్మతులు

మానిటర్ మెనూలో డీప్ స్లీప్ లేదా పవర్ సేవింగ్ ఆపండి. స్టాండ్‌బైలో కరెంటు కాస్త ఎక్కువ తాగుతుంది, బదులుగా హాట్ ప్లగ్ సర్క్యూట్ మెలకువగా ఉంటుంది. ఆటో ఇన్‌పుట్ ఆపి, మీరు వాడే పోర్టునే స్థిరంగా ఎంచుకోండి. ఆటోలో ఉంటే లేచిన మానిటర్ హెచ్‌డీఎంఐ చూసి, ఇంకోటి చూసి, మీ పోర్టు దగ్గరికి వచ్చేసరికి ల్యాప్‌టాప్ ఆశ వదులుకుంటుంది. డిస్‌ప్లేపోర్ట్ వెర్షన్ మార్చే ఎంపిక ఉంటే 1.4 నుంచి 1.2కు దించి చూడండి. ఈ మూడూ చేయకుండా ఎవరూ కొత్త డాక్ కొనకూడదు.

విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి పవర్‌సీఎఫ్‌జీ అని ఇంగ్లీషులో కొట్టి, ఖాళీ వదిలి, స్లాష్ ఏ కొట్టండి. ఎస్3 (పాత తరహా పూర్తి నిద్ర) ఉందా, ఎస్0 లో-పవర్ ఐడిల్ (S0 Low Power Idle) ఉందా అది చెబుతుంది. రెండోదే మోడర్న్ స్టాండ్‌బై. అందులో ల్యాప్‌టాప్ పూర్తిగా పడుకోదు. లోపల డ్రైవర్లు విడివిడిగా కునుకు తీస్తాయి, ఏ ఒక్కటి మొరాయించినా తెర రాదు. రిజిస్ట్రీ మార్చి బలవంతంగా ఎస్3కి తెమ్మనే సలహా మీ కంట పడుతుంది. ఫర్మ్‌వేర్‌లో ఎస్3 లేని ల్యాప్‌టాప్‌లో అలా చేస్తే అసలు లేవకపోయే ప్రమాదం ఉంది, చేయకండి. ఎక్కువసేపు వదిలేసేవాళ్లు స్లీప్ బదులు హైబర్నేట్ పెట్టుకోవడం క్షేమం.

గ్రాఫిక్స్ డ్రైవర్ ముందు ల్యాప్‌టాప్ తయారీదారు పేజీ నుంచి వేయండి, ఫలితం లేకపోతే చిప్ తయారీదారుది. ఏదో అప్‌డేట్ తర్వాతే మొదలైతే డివైస్ మేనేజర్‌లో రోల్ బ్యాక్ నొక్కండి. పవర్ ప్లాన్‌లో పీసీఐ ఎక్స్‌ప్రెస్ లింక్ స్టేట్ పవర్ మేనేజ్‌మెంట్ ఆఫ్ చేయండి. ఫాస్ట్ స్టార్టప్ ఆపమని అందరూ చెబుతారు. దానికి స్లీప్‌తో సంబంధం లేదు. అయితే అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినా సిస్టమ్ లోపలి భాగం డిస్కులో దాచుకుని తిరిగి తెచ్చుకుంటుంది. కాబట్టి శుభ్రంగా మొదలుపెట్టాలంటే షట్‌డౌన్ కాదు, రీస్టార్ట్ నొక్కాలి.

ఈవెంట్ వ్యూయర్ సిస్టమ్ లాగ్ కూడా సాక్ష్యమిస్తుంది. ఎస్3లో 42 అంటే పడుకుంది, 107 అంటే లేచింది. మోడర్న్ స్టాండ్‌బైలో అవే 506, 507. లేచిన గుర్తు ఉండి పక్కనే 4101 కనిపిస్తే డిస్‌ప్లే డ్రైవర్ స్పందన ఆగి తిరిగి మొదలైంది. లేచిన గుర్తే లేకుండా 41 ఉంటే, ల్యాప్‌టాప్ సవ్యంగా షట్‌డౌన్ కాకుండానే ఆగి మళ్లీ మొదలైందని అర్థం, లేవక బటన్ నొక్కి ఆపేసి ఉండొచ్చు.

మ్యాక్‌లో మూత మూసి వాడాలంటే ఛార్జర్ తగిలించి ఉండాలి, బయటి కీబోర్డు, మౌస్ ఉండాలి. మానిటర్ రాకపోతే డిస్‌ప్లేస్ సెట్టింగ్స్‌లో ఆప్షన్ కీ నొక్కి పట్టుకుంటే డిటెక్ట్ డిస్‌ప్లేస్ బటన్ బయటపడుతుంది.

ల్యాప్‌టాపే లేవకపోతే

క్యాప్స్ లాక్ దీపం కదలని కేసు ఇది. పవర్ బటన్ పది, పదిహేను సెకన్లు నొక్కి పట్టి ఆపండి. అన్ని తీగలూ, ఛార్జర్ సహా తీసేసి, బటన్ మళ్లీ అర నిమిషం నొక్కి పట్టండి, లోపల మిగిలిన ఛార్జ్ పోతుంది. ఛార్జర్ ఒక్కటే పెట్టి ఆన్ చేయండి. ఏమీ తగిలించకుండా పడుకోబెట్టి లేపండి. ఒంటరిగా లేస్తూ, డాక్ పెడితేనే లేవకపోతే డాక్ ఫర్మ్‌వేర్, బయాస్ రెండూ అప్‌డేట్ చేయండి. ఒంటరిగా ఉన్నా లేవకపోతే బయాస్, చిప్‌సెట్ డ్రైవర్లు చూడాలి. ఈమధ్య ర్యామ్ మార్చి ఉంటే దాన్ని తీసి మళ్లీ కూర్చోబెట్టాలి. సిస్టమ్ బతికే ఉండి ల్యాప్‌టాప్ సొంత తెర మాత్రమే నల్లగా ఉంటే, ఇంటెల్ గ్రాఫిక్స్ ఉన్నవాటిలో గ్రాఫిక్స్ కమాండ్ సెంటర్ పవర్ విభాగంలోని ప్యానెల్ సెల్ఫ్ రిఫ్రెష్ ఆపి చూడండి.

వాపసు గడువు లోపల చేయాల్సిన పరీక్ష

ఏది కొన్నా మొదటి రోజు వెలిగిందని పెట్టె పారేయకండి. ఒక నిమిషం స్లీప్ దాదాపు ఏ వస్తువుతోనైనా బాగానే నడుస్తుంది, ఎందుకంటే మానిటర్ అప్పటికి లోతు నిద్రలోకి వెళ్లి ఉండదు. రాత్రంతా వదిలి పొద్దున లేపండి. మూత మూసి, బయటి కీబోర్డుతో లేపండి. పడుకుని ఉండగా కేబుల్ పీకి, ల్యాప్‌టాప్‌ను వేరే గదిలో లేపి, మళ్లీ పడుకోబెట్టి తెచ్చి గుచ్చండి. ఛార్జర్ ఉండగా పడుకోబెట్టి, ఛార్జర్ తీసేసి లేపండి. మీరు రోజూ నడిపే రిజల్యూషన్, హెర్ట్జ్‌లోనే ఇవన్నీ చేయాలి, దించి కాదు. వీటిలో ఏ ఒక్కదానిలో తప్పినా, పై సెట్టింగ్స్ అన్నీ సరిగ్గా ఉన్నాయని చూసుకుని, గడువు దాటకముందే వెనక్కి ఇచ్చేయండి.